పార్కు బాగుచేయడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత పార్కును బాగుచేయాలనగానే చాలామందికి కొత్త గేటు, ఫౌంటెన్, టైల్స్ గుర్తొస్తాయి. ఈ పనిలో ఉన్నవాళ్లం ముందు గునపం తీసుకుని నేలలో గుచ్చి చూస్తాం. అది ఎంత లోతు దిగిందో చూస్తే అక్కడి సమస్యలు సగం తెలిసిపోతాయి.

అపోహ: గడ్డి చచ్చిపోతే కొత్త గడ్డి పరిస్తే సరి.

వాస్తవం: గడ్డి ఎందుకు చచ్చిందో చూడకపోతే కొత్తదీ చస్తుంది. మంచి మట్టిలో దాదాపు సగం ఖాళీలే. గాలి, నీరు ఉండేది వాటిలోనే. ఏళ్ల తరబడి జనం తొక్కితే ఆ ఖాళీలు మూసుకుపోతాయి. ఇక వానొస్తే మడుగు, ఎండకాస్తే బండ. ముందు నేలను గుల్ల చేసి కంపోస్టు కలపాలి. చెట్ల కింద మాత్రం తవ్వకండి. నీరు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా పై రెండడుగుల్లోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. అక్కడ ఎండుటాకులో చెక్కపొట్టో రెండు మూడు అంగుళాల మందాన, మొదలుకు ఆనకుండా పరిచి వానపాములకు వదిలేయడం మేలు. జనం గడ్డి మీదుగా రోజూ అడ్డదారిన వెళ్తుంటే బోర్డు పెట్టి లాభం లేదు, అక్కడే బాట వేసేయండి.

అపోహ: చెట్టు చుట్టూ సిమెంటు అరుగు కడితే చెట్టుకు రక్షణ.

వాస్తవం: పునాది తవ్వితే వేర్లు తెగుతాయి. లోపల మట్టి నింపితే వేర్లకు గాలి ఆడదు, మొదలు కుళ్లే ప్రమాదమూ ఉంది. చెట్టు ఎండిపోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి నేరం అరుగు మీదకు రాదు. కూర్చోవడానికి బెంచీ చాలు.

అపోహ: పెద్ద చెట్లు తెచ్చి నాటితే నీడ త్వరగా వస్తుంది.

వాస్తవం: తవ్వి తీసేటప్పుడు వేర్లలో చాలా భాగం పాత చోటే ఉండిపోతుంది. ఆ చెట్టు తేరుకునేలోపు చిన్న మొక్క దాన్ని అందుకోగలదు. ప్రారంభోత్సవం ఫొటోకి మాత్రం పెద్దదే బాగుంటుంది!

అపోహ: ఎత్తైన కంచె, దట్టమైన పొదలు ఉంటే పార్కు సురక్షితం.

వాస్తవం: చాలాసార్లు జరిగేది దీనికి రివర్స్. న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు 1970లలో డ్రగ్స్ అమ్మేవాళ్ల అడ్డా. లోపల ఏం జరుగుతోందో వీధిలోంచి కనిపించకపోవడమే అక్కడి పెద్ద లోపమని విలియం వైట్ అనే పరిశీలకుడు చెప్పాడు. 1988లో మూసి, పొదలు తీసేసి, దారులు పెంచి, ఎటైనా జరుపుకోగల కుర్చీలు వేసి 1992లో తెరిచారు. రోజువారీ శుభ్రత, సిబ్బంది కూడా తోడవడంతో జనం తిరిగొచ్చారు. లైట్ల సంగతీ అంతే. కళ్లు జిగేలుమనేలా వెలిగిస్తే పక్కనున్న చీకట్లో ఏముందో అసలు కనిపించదు.

అపోహ: రిబ్బన్ కత్తిరిస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: కొత్త మొక్కలకు కనీసం రెండు మూడు వేసవులు నీళ్లు పోయాలి. అందుకే ఎస్టిమేట్‌లో నిర్వహణ ఖర్చు ఎంత పెట్టారో ముందు చూస్తాను. అది లేకపోతే ఫౌంటెన్ తీసేసి ఆ డబ్బు అటు మళ్లించమంటాను.