అద్దం వంపును బ్లేడుతో పట్టుకోవడం

టెలిస్కోపు అద్దాన్ని రుద్దడం ఒక పని. అది సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడం అంతకన్నా కష్టమైన పని. 150 మి.మీ. వెడల్పు, 1200 మి.మీ. నాభ్యంతరం ఉన్న అద్దాన్నే తీసుకోండి. ముందు గోళాకారంగా పాలిష్ చేసి, తర్వాత పరావలయంగా మారుస్తారు. నడుమ కలిసి ఉండే ఈ రెండు వంపులకూ అంచు దగ్గర తేడా 0.29 మైక్రాన్లే. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యంలో ఇది దాదాపు సగం.

ఇంత చిన్న తేడాను కంటికి కనిపించేలా చేసే పద్ధతిని 1858లో ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫూకో చెప్పాడు. అద్దాన్ని నిలబెట్టి, 2400 మి.మీ. దూరంలో, అంటే వక్రతా కేంద్రం దగ్గర, సన్నటి చీలిక వెనక ఎల్‌ఈడీ పెడతారు. వెలుతురు అద్దం మీద పడి తిరిగి చీలిక పక్కకే వస్తుంది. అక్కడ కిరణాలకు అడ్డంగా బ్లేడును మెల్లగా జరుపుతూ, దాని వెనక నుంచి అద్దాన్ని చూడాలి. బ్లేడు వచ్చిన వైపు నుంచే నీడ కమ్ముకుంటే బ్లేడు అద్దానికి మరీ దగ్గరగా ఉన్నట్టు. ఎదుటి వైపు నుంచి వస్తే దూరం ఎక్కువైనట్టు. అద్దమంతా ఒక్కసారే మసకబారితే వంపు గోళాకారం.

పరావలయం అలా మసకబారదు, నడుమ గుంట ఉన్న గారెలా కనిపిస్తుంది. అంచు కిరణాలు నడిమి కిరణాలకన్నా దూరంగా కలవడమే కారణం. చీలిక కదలని స్టాండులో ఆ తేడా 75×75÷2400 (75 అంటే అద్దం వెడల్పులో సగం), అంటే 2.34 మి.మీ. చీలికా బ్లేడూ కలిసి కదిలే స్టాండులో అందులో సగం, 1.17. ఏ స్టాండుకు ఏ లెక్కో తారుమారైతే అద్దాన్ని రెట్టింపు తవ్వేస్తారు, లేదా సగంలోనే ఆపేస్తారు.

వేడి ఇంకో పెద్ద శత్రువు. అద్దం మీద కాసేపు వేలు ఆనిస్తే చాలు, ఆ చోట గాజు ఉబ్బి గుట్టలా కనిపిస్తుంది. పాలిష్ చేసిన వెంటనే తీసిన కొలతలు నమ్మదగ్గవి కావు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, గది ఉష్ణోగ్రతకు గాజు చేరేదాకా ఆగాలి. అద్దాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడటం కూడా తప్పనిసరి. అడ్డం వంపూ నిలువు వంపూ వేరువేరుగా ఉండే దోషం ఒకే భంగిమలో బయటపడకపోవచ్చు.

పరీక్ష పరికరమే తప్పయితే? హబుల్ టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దానికి జరిగింది అదే. వంపు సరిగ్గా ఉంటే తేడా సున్నా అని చూపాల్సిన పరికరంలో ఒక కటకాన్ని ఉండాల్సిన దూరానికి 1.3 మి.మీ. తేడాతో బిగించారు. దూరం కొలిచే కడ్డీ కొసన పడాల్సిన వెలుతురు, దాని మూత మీద రంగు ఊడిన చోట పడింది. ఆ పరికరాన్ని నమ్మి అద్దాన్ని ఎంతో నునుపుగా, ఎంతో కచ్చితంగా, తప్పు వంపుకే తెచ్చారు. అంచు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునైంది. వేరే పరీక్షలు లోపాన్ని చూపాయి కూడా. అవి అంత సూక్ష్మమైనవి కావని పక్కన పెట్టేశారు. 1990లో బొమ్మలు మసకగా వచ్చాకే సంగతి తెలిసింది.

ఇంట్లో చేసిన అద్దానికి రెండో పరీక్ష నక్షత్రమే. ఐపీసును, అంటే కన్ను ఆనించి చూసే కటకాన్ని, ఫోకస్‌కు లోపలికి, బయటికి సమానంగా జరిపితే కాంతి వలయాలు రెండు వైపులా ఒకేలా ఉండాలి. కదలదు కదా అని చాలామంది ధ్రువ నక్షత్రాన్ని ఎంచుకుంటారు. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అక్కడి గాలి అలజడికి వలయాలు నిలవవు. నడినెత్తికి దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని పట్టుకోవడమే మేలు, అది పక్కకు జారుతున్నా సరే.