స్టెన్ గన్ నుంచి కార్బైన్ దాకా: తూటాకీ స్ప్రింగుకీ పాత పేచీ

విజయనగరం, శ్రీకాకుళం వైపు సాయుధ పోలీసుల్లో చేసి రిటైరైనవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే కార్బైన్ (వరసగా తూటాలు పేల్చే పొట్టి తుపాకీ) మొరాయించిన ముచ్చట ఒకటైనా వస్తుంది. అందరూ స్ప్రింగునే తిడతారు. ఆర్మరర్ పని, అంటే తుపాకులు బాగుచేసే పని, తెలిసినవాడు మాత్రం ముందు మేగజైన్ (తూటాలు నింపే పెట్టె) చూస్తాడు, తర్వాత తూటాలు ఏ ఏడాదివో చూస్తాడు, స్ప్రింగు దాకా వచ్చేది ఆఖరునే. ఎందుకో తెలియాలంటే 1941కి వెళ్లాలి.

1940లో ఫ్రాన్సు తీరంలోని డన్‌కర్క్ దగ్గర బోలెడు ఆయుధాలు వదిలేసి వచ్చిన బ్రిటన్, 1941లో హడావిడిగా చేసుకున్న చవక సరుకు స్టెన్ గన్. తూటాను గొట్టంలోకి తోసి పేల్చే బరువైన ఇనప దిమ్మ (బోల్టు), దాని వెనక ఓ స్ప్రింగు, దాదాపు అంతే సంగతి. తూటా పేలగానే ఖాళీ తొడుగు వెనక్కి తన్ని బోల్టును తోస్తుంది, స్ప్రింగు దాన్ని ఆపి తిరిగి ముందుకు పంపుతుంది, వస్తూ వస్తూ బోల్టు మేగజైన్ నుంచి ఇంకో తూటాను లాక్కొస్తుంది. అంటే బోల్టు బరువు, స్ప్రింగు బలం, తూటాలోని మందు (పేలుడు పొడి), మూడూ ఒకదాన్ని చూసి ఒకటి కుదిర్చినవి. మందు పాతబడి నీరసిస్తే బోల్టు సగం దారిలోనే తిరిగొస్తుంది. అప్పుడు తూటా అందక ఆగిపోవచ్చు. లేదా అంతకంటే ఘోరంగా, తూటా అందేంత వెనక్కి వెళ్లి ట్రిగ్గర్ కొక్కేనికి మాత్రం చిక్కకపోతే, వేలు తీసేసినా పేలుతూనే ఉంటుంది. నిండు మేగజైన్ ఉన్న స్టెన్ దాని వెనక కొస నేలకు తగిలేలా పడితే తనంతట తనే పేలడానికీ కారణం ఇలాంటిదే.

స్టెన్ అసలు రోగం మేగజైన్‌ది. రెండు వరసల తూటాలు పైన ఒక్క వరసగా ఇరుక్కోవాలి, కాస్త మట్టి చేరినా అంచు వంగినా పట్టేస్తుంది. స్టెన్ తర్వాత జార్జ్ ప్యాచెట్ రూపొందించిన స్టెర్లింగ్ తుపాకీలో వంపు తిరిగిన 34 తూటాల మేగజైన్, లోపల రోలర్లు పెట్టి ఆ బాధ చాలావరకు తీర్చారు. బ్రిటిష్ సైన్యం దాన్ని 1953లో తీసుకుంది. మన పోలీసుల చేతిలో కనిపించే కాన్పూరు కార్బైన్ 1ఎ1 దాని వారసురాలే.

ఇక ఒక తూటాకి చేసిన తుపాకీని ఇంకో తూటాకి మార్చడం యుద్ధం నేర్పిన విద్య, తుపాకీ శత్రువు నుంచి దొరుకుతుంది గానీ తూటాలు దొరకవు కదా. జర్మన్లు సోవియట్ పీపీఎస్‌హెచ్ తుపాకులను తమ 9 ఎంఎంకి మార్చుకున్నారు. వియత్నాం వాళ్లు ఫ్రెంచి మాట్-49 తుపాకీని సోవియట్ 7.62 ఎంఎం తూటాకి మార్చారు. నిమిషానికి 600 చిల్లర తూటాలు ఉన్న వేగం దాదాపు 900కి పోయింది! ఆ తూటా ఊపు వేరు, బోల్టు వెనక్కి పరిగెత్తే తీరూ వేరు.

ఈరోజు ఈ గొడవ ఎక్కువగా వినిపించేది అమెరికా నుంచే. 1986 చట్టంతో అక్కడ మామూలు పౌరులకు కొత్త మెషీన్ గన్లు ఆగిపోయాయి, అంతకుముందు రిజిస్టరైనవే మిగిలాయి. అందుకే ఉన్న ఒక్కదాన్నే రకరకాల తూటాలకు మార్చుకుంటూ, అది మొరాయించినప్పుడల్లా స్ప్రింగుల మీద వాదులాడుకుంటారు. నన్నడిగితే అందులో సగం స్ప్రింగు చేయని తప్పుకి స్ప్రింగుని కొట్టడమే. మన దగ్గర ఆటోమేటిక్ ఆయుధం 1959 ఆయుధాల చట్టం కింద నిషిద్ధం, కాబట్టి ఆ వాదనలు చదివి ఇక్కడ ఎవరైనా చెయ్యి పెడితే నేరుగా కేసే.