కోటానుకోట్ల నక్షత్రాలున్నా రాత్రి ఆకాశం నల్లగా ఎందుకుంటుంది? అపోహలు - వాస్తవాలు

నక్షత్రాల కాంతిని కొలవడం నా వృత్తి. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్లు పిలిస్తే టెలిస్కోప్ తీసుకెళ్లి మేడ మీద ఆకాశం కూడా చూపిస్తుంటాను. శని వలయాలు చూసి పిల్లలు సంబరపడ్డాక, పెద్దవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఇన్ని కోట్ల నక్షత్రాలున్నాయంటారు కదండీ, మరి రాత్రి చీకటెందుకు?" నేను నోరు తెరిచేలోపే పక్కనున్నవాళ్లు తలో జవాబు చెప్పేస్తారు. ఆ జవాబుల్లో చాలావరకు నిలబడవు. ప్రశ్న మాత్రం చాలా లోతైనది. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1610లోనే దీన్ని లేవనెత్తాడు. జర్మనీలోని బ్రెమెన్‌లో వైద్యం చేస్తూ రాత్రిళ్లు ఆకాశాన్ని పరిశీలించిన ఓల్బర్స్ 1823లో దీని మీద వ్యాసం రాశాడు. ఇప్పుడు దీన్ని ఆయన పేరుతోనే ఓల్బర్స్ పారడాక్స్ (వైరుధ్యం) అంటున్నాం. మేడ మీద నాకు తరచూ వినిపించే జవాబులనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: సూర్యుడు అస్తమించాడు, చీకటి పడింది. ఇందులో ప్రశ్నేముంది?

వాస్తవం: సూర్యుడు లేకపోతే సూర్యుడి వెలుగు ఉండదు, అంతవరకూ నిజమే. అడుగుతున్నది మిగతా ఆకాశం సంగతి. విశ్వానికి అంతు లేదనుకోండి, అందులో నక్షత్రాలు అనాదిగా వెలుగుతూనే ఉన్నాయనుకోండి. అప్పుడు మన చూపు ఎటు పోయినా ఎక్కడో ఒకచోట ఏదో ఒక నక్షత్రానికి తగిలి ఆగాలి. బాపట్ల, చీరాల వైపు సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు చూసే ఉంటారు. తోట చిన్నదైతే మానుల సందుల్లోంచి అవతలి ఇసుక కనిపిస్తుంది. లోపలికి పోయేకొద్దీ తోట సాగుతూనే ఉంటే సందన్నదే మిగలదు, ఎటు చూసినా మానులే. నక్షత్రాల తోట అలా అనంతంగా ఉంటే ఆకాశంలో ప్రతి చుక్క చోటూ సూర్యబింబమంత తీక్షణంగా మండాలి. మన నెత్తి మీది అర్ధగోళం వైశాల్యం ఒక్క సూర్యబింబానికి 90 వేల రెట్లకు పైగా ఉంటుంది. అంత వెలుగూ వేడీ మీద పడితే భూమి మీద ఏదీ మిగలదు. కాబట్టి చీకటికి కారణం చెప్పి తీరాలి.

అపోహ: నక్షత్రాలు చాలా దూరంలో ఉన్నాయి, అందుకే వాటి వెలుగు మనకు చాలదు.

వాస్తవం: నాకు ఎక్కువగా వినిపించేది ఇదే. ఇంజినీర్లు కూడా ఇదే చెబుతారు, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. దూరం రెట్టింపైతే ఒక్కో నక్షత్రం నుంచి మనకు చేరే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడిదాకా లెక్క సరైనదే, కానీ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. భూమి చుట్టూ 100 కాంతి సంవత్సరాల (కాంతి సంవత్సరమంటే కాంతి ఒక ఏడాదిలో పోయే దూరం) దూరంలో ఒక పలుచని పొరను ఊహించుకోండి. అంతే మందంతో 200 కాంతి సంవత్సరాల దూరంలో ఇంకో పొర. రెండో పొర వైశాల్యం మొదటిదానికి నాలుగింతలు, కాబట్టి అందులో నక్షత్రాలూ నాలుగింతలు. ఒక్కోదాని వెలుగు నాలుగో వంతు, సంఖ్య నాలుగు రెట్లు. రెండూ కొట్టుకుపోయి రెండు పొరల నుంచీ మనకు చేరే మొత్తం వెలుగు ఒక్కటే అవుతుంది. మూడో పొర, వెయ్యో పొర, కోటో పొర, దేనిదైనా అంతే. పొరలకు అంతు లేకపోతే వెలుగు పేరుకుంటూ పోయి, దగ్గరి నక్షత్రాలు దూరపువాటిని పూర్తిగా కప్పేసే దాకా పెరుగుతుంది.

దూరం ఎక్కువైనప్పుడు నక్షత్రం బింబం చిన్నదవుతుంది తప్ప, ఆ చిన్న బింబంలో ఒక్కో భాగం తీక్షణత తగ్గదు. మేం రోజూ వాడే లెక్కల్లో ఇది చాలా ప్రాథమికమైన విషయం. అందుకే దూరం ఒక్కటే ఈ చీకటికి జవాబు కాలేదు.

అపోహ: మధ్యలో ఉన్న ధూళి, వాయువులు నక్షత్రకాంతిని మింగేస్తున్నాయి.

వాస్తవం: ఈ జవాబుకు పెద్దవాళ్ల అండ ఉంది. 1744లో స్విట్జర్లాండ్‌కు చెందిన షెజో, తర్వాత ఓల్బర్స్ ఇద్దరూ దీన్నే నమ్మారు. ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1848లో లోపం చూపించాడు: కాంతిని మింగిన ధూళి వేడెక్కుతుంది, వేడెక్కినది తిరిగి శక్తిని వెదజల్లుతుంది. అనంతకాలం అలా వేడెక్కితే చివరికి ధూళి కూడా నక్షత్రాలంత వెలుగుతుంది. ధూళి ఉన్న మాట అబద్ధం కాదు. పాలపుంత మధ్యలో కనిపించే నల్లటి చారలు అదే, గెలాక్సీ కేంద్రం మన కంటికి కనిపించకపోవడానికీ అదే కారణం. అయితే అది తెర మాత్రమే. ఆ తెర వెనకున్న కేంద్రాన్ని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో రోజూ చూస్తున్నాం.

అపోహ: విశ్వం వ్యాకోచిస్తోంది, అందుకే చీకటి.

వాస్తవం: సైన్స్ వీడియోలు చూసే కుర్రాళ్ల జవాబు ఇది. వ్యాకోచం వల్ల దూరపు గెలాక్సీల కాంతి సాగి, ఎరుపు వైపు జరిగి, శక్తి కోల్పోతుంది. కానీ నక్షత్రకాంతి విషయంలో దాని పాత్ర చిన్నది, మొత్తాన్ని సుమారు సగానికి తగ్గిస్తుందంతే. సగం తగ్గిస్తే మండే ఆకాశం నల్లబడదు.

అసలు కారణం వయసు. విశ్వం పుట్టి 1,380 కోట్ల సంవత్సరాలైంది. కాంతికి వేగం ఉంది, ప్రయాణానికి టైమ్ పడుతుంది. అంతకు మించిన ప్రయాణం చేయాల్సిన కాంతి ఇంకా మన దగ్గరికి రానే లేదు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1901లోనే ఈ దారిలో లెక్క కట్టాడు. నక్షత్రాలు విశ్వంలో ఎంత పలుచగా పరుచుకుని ఉన్నాయంటే, మన చూపు కచ్చితంగా ఒక నక్షత్రానికి తగలాలంటే సగటున 1 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కాంతి సంవత్సరాలు పోవాలి. కాంతి వస్తుండగా విశ్వం వ్యాకోచిస్తూనే ఉంది కాబట్టి, మనం చూడగలిగే విశ్వం అంచు ఇప్పుడు సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే కావలసినదానికన్నా మన తోట లక్ష కోట్ల రెట్లకు పైగా చిన్నది. సందులు కనిపించక ఏం చేస్తాయి?

శక్తి వైపు నుంచి చూసినా తేడా అంతే పెద్దది. 1960లలో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిసన్ ఈ కోణంలో ఆలోచించాడు. విశ్వంలో ఉన్న పదార్థం మొత్తాన్ని, ఒక్క అణువు మిగల్చకుండా కాంతిగా మార్చేసినా, ఆకాశం ఉష్ణోగ్రత 20 కెల్విన్‌ల చుట్టుపక్కలే ఉంటుంది, అంటే మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో. సూర్యుడి ఉపరితలం సుమారు 5,800 కెల్విన్‌లు. ఆకాశాన్ని అంతగా మండించడానికి విశ్వం దగ్గర సరుకే లేదు. నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం. మేడ మీద నిలబడి ఆ నలుపును చూస్తూ "ఈ విశ్వానికి పుట్టుక ఉంది, ఇందులో ఇంధనానికి హద్దుంది" అని చెప్పగలగడం ఎంత గొప్ప విషయం! దానికి టెలిస్కోప్ కూడా అక్కర్లేదు.

అపోహ: చంద్రుడి మీద తీసిన ఫోటోల్లో నక్షత్రాలు లేవు, కాబట్టి ఏదో మోసముంది.

వాస్తవం: ఎండలో మెరిసే నేలకు, తెల్లటి సూట్లకు సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెడితే నక్షత్రాలు పడవు. ఫ్లడ్‌లైట్ల కింద క్రికెట్ మ్యాచ్ ఫోటో తీసి చూడండి, పైన ఒక్క చుక్క కూడా ఉండదు.

అపోహ: నక్షత్రాల మధ్య ఉన్న నలుపులో ఏమీ లేదు.

వాస్తవం: మా పనిలో సగం ఆ "ఏమీ లేని" చోటుతోనే. బెంగళూరుకు సుమారు 175 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. ఆ చోటును ఎంచుకున్న ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు మన హైదరాబాద్‌లో పెరిగినవాడు. ఆయన తండ్రి అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బప్పు 1982లో కన్నుమూశాక, 1986లో ఆయన పేరు పెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోప్ అక్కడ ఉంది. అలాంటి చోట తీసిన ఫ్రేమ్‌లో రెండు నక్షత్రాల మధ్య నల్లగా కనిపించే భాగాన్ని తీసుకుని పిక్సెళ్ల విలువలు చూస్తే సున్నా రాదు. కెమెరా సొంత లోపాలన్నీ తీసేసినా ఎంతో కొంత మిగులుతుంది. దాన్ని స్కై బ్యాక్‌గ్రౌండ్ అంటాం. నక్షత్రం వెలుగు కొలవాలంటే ముందు దాన్ని తీసివేయాలి. అందులో సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు వెదజల్లే లేత ఆకుపచ్చ కాంతి ఉంటుంది, గ్రహాల మధ్య ధూళి మీద పడి చెదిరిన ఎండ ఉంటుంది, కింద ఊళ్ల లైట్లూ ఉంటాయి. ఇవన్నీ దాటి ప్లూటో అవతలికి వెళ్లిన న్యూ హొరైజన్స్ నౌక నుంచి కొలిస్తే ఎంత మిగిలిందో 2024లో ప్రకటించారు. మనకు తెలిసిన గెలాక్సీలన్నిటి వెలుగూ కలిపితే ఎంతవుతుందో, దాదాపు అంతే.

కంటికి కనిపించే కాంతిని వదిలి మైక్రోవేవ్‌లలో చూస్తే కథ పూర్తిగా మారిపోతుంది. 1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో పెంజియాస్, విల్సన్ తమ యాంటెన్నాలో ఎటు తిప్పినా పోని గరగర ఒకటి గమనించారు. పావురాల రెట్టలు కూడా శుభ్రం చేసి చూశారు, పోలేదు. అది ఆకాశం నలుమూలల నుంచీ వస్తున్న వెలుగు. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు అంతటా 3,000 కెల్విన్‌ల వేడితో వాయువు మెరుస్తూ ఉండేది. అప్పుడు బయల్దేరిన కాంతి దారిలో 1,100 రెట్లు సాగి ఇప్పుడు 2.7 కెల్విన్‌ల మైక్రోవేవ్‌లుగా మనల్ని చేరుతోంది. మీ చుట్టూ ప్రతి ఘన సెంటీమీటరులో ఆ ఫోటాన్లు (కాంతి కణాలు) 400కు పైగా ఉన్నాయి, ఇది చదువుతున్న క్షణంలో కూడా. వ్యాకోచం నిజంగా ప్రధాన పాత్ర పోషించేది ఇక్కడే. అది లేకపోతే ఆ పాత వెలుగు ఈ రోజుకీ ఆకాశమంతా ఎర్రగా మండుతూ ఉండేది. పెంజియాస్, విల్సన్ ఇద్దరికీ 1978లో నోబెల్ వచ్చింది.

ఆ మెరుపు ఆరిపోయాక, మొదటి నక్షత్రాలు వెలగడానికి ముందు నిజమైన చీకటి కాలం ఒకటి గడిచింది. అది ముగిసి మొదటి నక్షత్రాలు వెలిగిన కాలపు జాడ వెతికే పని మన బెంగళూరులోనే జరుగుతోంది. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2020లో సారస్-3 అనే రేడియో పరికరాన్ని కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువు మీద, శరావతి బ్యాక్‌వాటర్స్ మీద తెప్ప కట్టి తేలించారు. అంతకుముందు విదేశాల్లో కనుగొన్నామన్న ఒక సంకేతం తమ కొలతల్లో లేదని 2022లో తేల్చిచెప్పారు.

అపోహ: బెంగళూరులో చుక్కలు కనిపించకపోవడానికి పొగే కారణం.

వాస్తవం: పొగ, దుమ్ము కొంత చెడగొడతాయి కానీ అసలు దొంగ పైకి పారే కరెంటు వెలుగు. మంచి చీకట్లో ఒకేసారి రెండు మూడు వేల చుక్కలు కనిపించాల్సిన చోట, మారతహళ్లిలో మామూలు రాత్రి పదుల సంఖ్యలో మాత్రమే కనిపిస్తాయి. వాన పడి గాలి శుభ్రమైన రాత్రి కూడా ఆకాశం నారింజ, తెలుపు కలిసిన రంగులోనే ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో ఒక్క మాట అడిగి చూడండి: మేడ మీద, పార్కింగ్‌లో ఉన్న ఫ్లడ్‌లైట్లను నేల వైపు వంచి, పైకి పోకుండా మూత బిగించమనండి. నేలకు వెలుగు తగ్గదు. తక్కువ వాట్ల బల్బు కూడా సరిపోతుంది కాబట్టి కరెంటు బిల్లూ తగ్గుతుంది.