ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం: నేను విన్న అపోహలు, తిన్న దెబ్బలు

నెల్లూరు వేదాయపాలెంలో మా ఇంటి వెనక వసారాలోనే తొమ్మిదేళ్లుగా పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నా. ఎండాకాలం ఆవకాయ, మిగతా రోజుల్లో రొయ్యల పచ్చడి, గోంగూర, కారప్పొడి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "అక్కా, ఇంట్లో వ్యాపారానికి లైసెన్సు ఎక్కడిస్తారు?" అని. అట్టాంటి లైసెన్సు ఒకటంటూ లేదమ్మా. మీటరుకో రూలు, సిలిండరుకో రూలు, కాటాకో రూలు, సీసా మీద అంటించే కాగితానికో రూలు, అంతే.

అపోహ: కరెంటు బిల్లు నెలనెలా కడుతున్నాం కదా, ఏం వాడితే ఎవరికి?

ఇదే నన్ను ముంచింది, కాబట్టి కాస్త ఎక్కువే చెప్తా. కారం ఆడించడానికి మిల్లు చుట్టూ తిరగలేక రెండు హార్స్‌పవర్ మిషన్ కొని వసారాలో పెట్టి, ఇంటి మీటరుకే తగిలించాం. ఒకరోజు తనిఖీకి వచ్చినవాళ్లు గోడకు పట్టిన ఎర్రటి కారం దుమ్ము చూశారు, మిషన్ చూశారు, రాసుకుని పోయారు. తర్వాత నోటీసు. ఇంటి అవసరానికి ఇచ్చిన కరెంటును వ్యాపారానికి వాడితే, 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద, ఆ వాడకానికి వర్తించే రేటుకు రెండింతలు లెక్క కడతారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకూ వేస్తారు. మాకూ 12 నెలలకే వేశారు.

మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు, దొంగతనం కేసని చుట్టాలందరికీ చెప్పేసుకున్నాడు కూడా. కాదు, దొంగతనానికి సెక్షన్ 135, అది వేరే కథ. పైగా వచ్చింది తాత్కాలిక లెక్క మాత్రమే, దాని మీద అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియక భయపడి కట్టేస్తారు. మేం ఆ మిషన్ కొని అప్పటికి ఐదు నెలలే. కొన్న బిల్లు బియ్యం డబ్బా మూతకింద, నూనె మరకలతో దొరికింది. దాన్ని జతచేసి అర్జీ పెడితే ఐదు నెలలకే తగ్గించారు. తప్పు మాదే, కట్టాం. ఇప్పుడు వసారాకి వేరే మీటరు. అప్పటి నుంచి గరిటె కొన్నా బిల్లు దాస్తున్నా.

అపోహ: 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ జోలికి పోనక్కర్లేదు.

సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల పరిమితి ఉన్న మాట నిజమే, కానీ అది రాష్ట్రం లోపల అమ్మినంత వరకే. నెల్లూరు వాళ్లకి చెన్నై పక్కూరు లెక్క, పొద్దున పార్సిల్ వేస్తే సాయంత్రానికి చేరుతుంది, కాబట్టి ఇక్కడ అందరూ బోల్తా పడేది దీంట్లోనే. సరుకు రాష్ట్రం దాటి అమ్మితే, నాలుగు సీసాలైనా సరే, ముందు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆన్‌లైన్‌లో డిజైన్ పని లాంటి సేవలు చేసేవాళ్లకి ఈ ఇబ్బంది లేదు, వాళ్లు బయటి రాష్ట్రానికి చేసినా 20 లక్షల దాకా మినహాయింపు ఉంది.

అపోహ: ఉద్యం సర్టిఫికెట్ ఉంటే అన్నీ ఉన్నట్టే.

ఉద్యం అంటే మనది చిన్న పరిశ్రమ అని మనమే రాసిచ్చుకునే నమోదు. పూర్తిగా ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే వెంటనే మూసేయండి. బ్యాంకు లోనుకి పనికొస్తుంది గానీ తిండి వస్తువు అమ్మడానికి పనికిరాదు. దానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, దగ్గర నమోదు కావాలి. నేను కట్టినప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపైతే రిజిస్ట్రేషన్ చాలనేవాళ్లు, ఫీజు ఏడాదికి వంద రూపాయలు. 14 అంకెల నంబరు వస్తుంది, రిజిస్ట్రేషన్‌ది 2తో మొదలవుతుంది, 1తో మొదలైతే అది లైసెన్సు. ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, మన చిరునామా కూడా. రొయ్యల పచ్చడికి ఆకుపచ్చ చుక్క వేసిన ఒక పిల్లని చూశా, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దానికి చదరంలో గోధుమరంగు త్రికోణం వేయాలి తల్లీ.

బరువంటే సీసా తీసేసి పచ్చడి బరువే. తూచేది వంటింటి బుల్లి కాటా కాదు, తూనికల శాఖ ముద్ర ఉన్నది. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా మళ్లీ ముద్ర వేయించుకోవాలి.

గ్యాస్ సంగతి రెండు ముక్కల్లో: 14.2 కిలోల ఎర్ర సిలిండరు ఇంటి వంటకే. అమ్మే పచ్చడికి పోపు పెట్టాలంటే 19 కిలోల కమర్షియల్ తెచ్చుకోండి. ధర మండుతుంది, నిజమే, కానీ పట్టుకుంటే సిలిండర్లు పట్టుకుపోతారు.

మునిసిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు మీ పనికి కావాలో అక్కర్లేదో వార్డు సచివాలయంలో అడగండి, పక్కింటాయన్ని కాదు. అద్దె ఇల్లయితే ఓనరు చేత రాయించుకోండి. నోటి మాటగా "చేసుకోండమ్మా" అన్నవాళ్లే మిర్చి ఘాటు ముక్కుకి తగిలాక మాట మారుస్తారు. మాది సొంతిల్లే గానీ మేడమీద అద్దెకున్నామె దగ్గుకుంటూ కిందికొచ్చి చెప్పినప్పటి నుంచి, ఆమె ఆఫీసుకి పోయాకే నూనె మూకుడు పొయ్యి మీదకెక్కుతోంది.