ఇరవై నాలుగు వేల చిట్టెలుకలు, ఒక్క ప్రశ్న

ఫలానా పదార్థం పెడితే ఎలుకలకు క్యాన్సర్ వచ్చిందన్న వార్త చూడగానే టెన్షన్ పడతాం. ఎంత పెట్టారన్నది మాత్రం చాలాసార్లు ఆ వార్తలో ఉండదు. అసలు గొడవంతా ఆ ‘ఎంత’ దగ్గరే ఉంది, అదీ ఇవాళ్టిది కాదు.

1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించారు. మూడేళ్లకు చిట్టెలుకల చర్మం మీదా అదే జరిగింది. చిట్టెలుక చవక, దాని ఆయుష్షు రెండు మూడేళ్లే. ప్రయోగశాలల్లో అది పాతుకుపోయింది.

1941లో ఇంకో మలుపు. పురుగుమందుగా తేవాలనుకున్న ఓ రసాయనాన్ని ముందుగా ఎలుకలకు పెట్టి చూస్తే, ఒంట్లో పలుచోట్ల కణితులు లేచాయి. దాన్ని పొట్టిగా ఏఏఎఫ్ అంటారు. పంటల మీదికి రాలేదు గానీ, క్యాన్సర్ పరిశోధకులకు బాగా పనికొచ్చింది.

1958లో అమెరికా చట్టం చేసింది: మనిషికైనా జంతువుకైనా క్యాన్సర్ తెప్పిస్తుందని తేలిన పదార్థాన్ని ఆహారంలో కలపకూడదు. మోతాదు ఊసే లేదు. కంపెనీలు ఊరుకుంటాయా?

నిజానికి చిక్కు లెక్కలోనే ఉంది. మామూలు పరీక్షలో ఒక్కో మోతాదుకు మగవి యాభై, ఆడవి యాభై పెడతారు. వెయ్యింట ఒకదానికి వచ్చే జబ్బు యాభైలో ఎక్కడ కనబడుతుంది? అందుకే మోతాదు బాగా పెంచి, వచ్చిన ఫలితం నుంచి సున్నా దాకా గీత గీసి, తక్కువ మోతాదులో ప్రమాదాన్ని అంచనా వేస్తారు. ఆ గీతను నమ్మొచ్చా?

అది తేల్చడానికే 1970ల్లో అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, ఒకప్పుడు జీవాయుధాలు తయారుచేసిన ప్రాంగణంలో, 24 వేలకు పైగా ఆడ చిట్టెలుకలను పెంచారు. మేతలో 30 నుంచి 150 పీపీఎం దాకా ఏఏఎఫ్ కలిపారు. 30 పీపీఎం అంటే కిలో మేతలో 30 మిల్లీగ్రాములు. రోజుకు నాలుగు గ్రాములు తినే చిట్టెలుక కడుపులోకి వెళ్లేది మిల్లీగ్రాములో పదో వంతు, కాస్త అటూ ఇటూ. కొన్నిటిని తొమ్మిదో నెల నుంచే విడతలవారీగా కోసి చూశారు, కొన్నిటిని ముసలివయ్యేదాకా ఉంచారు.

ఇంత చేస్తే జవాబులు రెండొచ్చాయి. కాలేయంలో కణితులు మోతాదుతో పాటే పెరిగాయి, అన్నిటికన్నా తక్కువ మోతాదులోనూ వదల్లేదు. మూత్రాశయంలో మాత్రం తక్కువ మోతాదుల దగ్గర దాదాపు ఏమీ లేదు, సుమారు 60 పీపీఎం దాటాక ఒక్కసారిగా ఎగబాకాయి. ఒకే రసాయనం, ఒకే చిట్టెలుక. ‘ఈ హద్దులోపు భయం లేదు’ అనేవాళ్లు మూత్రాశయాన్ని చూపించారు, ‘హద్దే లేదు’ అనేవాళ్లు కాలేయాన్ని చూపించారు.

తర్వాత డీఎన్‌ఏను పరీక్షిస్తే ఇంకో విషయం బయటపడింది. రసాయనం డీఎన్‌ఏకు అంటుకోవడం మూత్రాశయంలోనూ తక్కువ మోతాదు నుంచే మొదలై, మోతాదుతో పాటు పెరుగుతూ వచ్చింది. కణితులు మాత్రం, అక్కడి కణాలు ఆగకుండా విభజన చెందేంత మోతాదు అందాకే వచ్చాయి.