మ్యాన్ పేజీని పీడీఎఫ్ చేయడం ఎందుకింత చిక్కు?

యూనిక్స్ ఆదేశాల వివరణ పేజీని ఆఫ్‌లైన్‌లో చదువుకోవాలంటే చాలామంది తెర మీద కనిపించినదాన్నే ఫైల్‌లోకి మళ్లిస్తారు. మార్చాల్సింది దాన్ని కాదు, వెనకున్న రాఫ్ (పాఠాన్ని పేజీగా తీర్చే పాత ఫార్మాటింగ్ భాష) మూలాన్ని. ఆ మూలం మొదటినుంచీ అచ్చు కోసం రాసినదే.

రాఫ్ కుటుంబానికి ఆద్యం 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రనాఫ్ అనే ప్రోగ్రాం. యూనిక్స్ తొలి మాన్యువల్ 1971 నవంబర్ 3 తేదీతో కాగితం మీదే వచ్చింది. తర్వాత యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో జో ఒసానా ఫొటోటైప్‌సెట్టర్ (అచ్చు కోసం అక్షరాలను ఫిల్ము మీద కూర్చే యంత్రం) కోసం ట్రాఫ్ రాశాడు. టైప్‌రైటర్‌లా కాగితం మీద కొట్టే టెలిటైప్‌లకు ఎన్‌రాఫ్ ఉండేది. ఆ యంత్రాల మీద ముద్దక్షరం (బోల్డ్) కావాలంటే అక్షరం కొట్టి, వెనక్కి జరిగి, దాని మీదే మళ్లీ కొట్టాలి. మళ్లించిన ఫైళ్లలో ఒక్కో అక్షరం రెండేసిసార్లు కనబడటం ఆ అలవాటు మిగులే. 'కోల్ -బి' అనే ఆదేశం దాన్ని తుడిచేసేది. అయితే జేమ్స్ క్లార్క్ మొదలుపెట్టిన గ్రాఫ్ (ట్రాఫ్, ఎన్‌రాఫ్‌ల గ్నూ రూపం), 1.18 వెర్షన్ నుంచి, ముద్దక్షరాలకు ఎస్కేప్ సంకేతాలు (టెర్మినల్‌కు రూపం మార్చమని చెప్పే గుర్తులు) వాడుతోంది. వాటిని 'కోల్' శుభ్రం చేయలేక చెత్త మిగిల్చేది. గ్రాఫ్‌కు '-పి -సి' (పి పెద్దక్షరం) ఇస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది.

లైనక్స్‌లో నమ్మకమైన దారి 'మ్యాన్ -టి టార్ | పీఎస్2పీడీఎఫ్ - టార్.పీడీఎఫ్'. డెబియన్ లైనక్స్‌లో మామూలుగా ఉండే గ్రాఫ్-బేస్ అనే చిన్న ప్యాకేజీకి పోస్ట్‌స్క్రిప్ట్ (అచ్చు పేజీని వర్ణించే భాష) వచ్చు కాబట్టి ఇది పనిచేస్తుంది. నేరుగా పీడీఎఫ్, హెచ్‌టీఎంఎల్ కావాలంటే మాత్రం పూర్తి గ్రాఫ్ ప్యాకేజీ ఉండాలి.

అసలు తలనొప్పి ఆప్షన్ల ముందుండే అడ్డగీత. ట్రాఫ్‌కు హైఫన్ వేరు, మైనస్ గుర్తు వేరు. కీబోర్డు మీది గీత ఈ రెండూ కాదు. పేజీ రాసినవారు మూలంలో ఏది వాడారు, ఏ ఫార్మాట్‌లోకి తీశారు అన్నదాన్ని బట్టి ఏదో ఒకటి పడుతుంది. కంటికి తేడా తెలియదు. పీడీఎఫ్ నుంచి కాపీ చేసి టెర్మినల్లో అతికిస్తే ఆదేశం దాన్ని ఆప్షన్‌గా గుర్తించదు. కాపీ చేసుకోవడమే ముఖ్యమైతే ఆస్కీ డివైస్‌తో సాదా టెక్స్ట్ తీయడం మేలు, అందం తగ్గినా సరే.

2022లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెంచురా గ్రాఫ్‌ను తీసేసి, మ్యాన్ పేజీలను చూపే మరో ప్రోగ్రాం మ్యాన్‌డాక్ పెట్టింది. మ్యాక్‌లో ఫైళ్లు చూపే ప్రివ్యూ కూడా పోస్ట్‌స్క్రిప్ట్ తెరవడం మానేసింది. దాంతో 'మ్యాన్ -టి' ఇచ్చినదాన్ని ప్రివ్యూలో తెరిచే మ్యాక్‌వాళ్ల పాత చిట్కా మూలపడింది. ఇప్పుడక్కడ 'మ్యాన్ -డబ్ల్యూ' చూపే ఫైల్‌ను 'మ్యాన్‌డాక్ -టి పీడీఎఫ్'కి ఇవ్వాలి (టి పెద్దక్షరం).

హెచ్‌టీఎంఎల్‌కైతే లైనక్స్‌లోనూ మ్యాన్‌డాక్‌దే పైచేయి. గ్రాఫ్ పట్టికలను బొమ్మలుగా మార్చేస్తుంది, అందుకు నెట్‌పీబీఎం, గోస్ట్‌స్క్రిప్ట్ అనే వేరే ప్రోగ్రాంలు అడుగుతుంది. మ్యాన్‌డాక్ వాటిని పట్టికలుగానే ఉంచుతుంది. మ్యాన్‌డాక్‌కే ఉన్న 'మ్యాన్' అనే అవుట్‌పుట్ ఆప్షన్‌లో ఫైల్ పేరు నమూనా ఇస్తే ఇతర పేజీల ప్రస్తావనలు లింకులవుతాయి. కానీ మ్యాక్రోలు (మ్యాన్ పేజీల కోసం సిద్ధంగా ఉండే ఆదేశాల గుత్తులు) వదిలి నేరుగా రాఫ్ ఆదేశాలు గుప్పించిన పాత పేజీలు అందులో చెదిరిపోవచ్చు. ముందుగా మ్యాన్‌డాక్‌ను 'లింట్' (తప్పులు ఏరే) ఫార్మాట్‌లో నడిపిస్తే ఏ పంక్తి దగ్గర తేడా వస్తోందో చెబుతుంది. అలాంటివి గ్రాఫ్‌కే వదిలేయాలి.