కేబుల్ పైతొడుగు ఒలవడం: అపోహలు - వాస్తవాలు

బోరులోకి దించే ఫ్లాట్ కేబుల్‌కి రెండు పొరలుంటాయి. లోపల ఎరుపు, పసుపు, నీలం వైర్లు, దేని ఇన్సులేషన్ దానిది. మూడింటినీ కలిపి కప్పుతూ పైన ఒక తొడుగు. పైది ఊడి రావాలి, లోపలిదానికి గీత కూడా పడకూడదు. వినడానికి ఇంతే. కానీ మోటారు కాలిందని పిలిచిన చోట కేబుల్ కొస చూస్తే చాలాసార్లు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: బ్లేడు పూర్తిగా దిగితేనే తొడుగు తెగుతుంది.

వాస్తవం: అంత దిగితే లోపలి వైరు కూడా తెగుతుంది. చుట్టూ సగం మందం దాకా గాటు పెట్టి, అక్కడ కేబుల్‌ని అటూ ఇటూ వంచండి. గాటు దానంతట అదే విచ్చుకుంటుంది. పొట్టి ముక్కయితే లాగితే వచ్చేస్తుంది. పొడుగు తీయాలంటే కొస దగ్గర రెండు వైర్ల మధ్య తొడుగును కాస్త చీల్చి, ఆ పట్టీని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని వెనక్కి లాగండి. చీలిక ముందు పెట్టిన గాటు దగ్గరికొచ్చి ఆగుతుంది. బ్లేడు పదునుగా ఉండాలి. మొండి బ్లేడును నొక్కి నొక్కి లాగితేనే చేయి తెగేది.

అపోహ: లైటర్‌తో కాలిస్తే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వేడికి తయారైంది. మంట తగిలితే ఉంచాల్సిన ఇన్సులేషన్ కూడా మెత్తబడుతుంది, రాగి నల్లబడి టెర్మినల్‌లో కాంటాక్ట్ చెడుతుంది. వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, గొంతు మండేది దానికే. పళ్లతో లాగేవాళ్ల గురించి ఏం చెప్పను!

అపోహ: స్ట్రిప్పర్ (వైరు ఒలిచే పనిముట్టు) కొత్తవాళ్లకి, నాలుగు రాగి పోగులు తెగినా ఏమీ కాదు.

వాస్తవం: ఇళ్లలో వాడే 2.5 చదరపు మి.మీ. వైరులో సాధారణంగా 0.3 మి.మీ. పోగులు 36 ఉంటాయి. ఆరు తెగితే ఆ చోట మిగిలేది సుమారు 2.1 చదరపు మి.మీ. గీజరు లైనులో వేడెక్కేది ఆ కొసే. సరైన గాడిలో పెడితే స్ట్రిప్పర్ ఒక్క పోగునూ ముట్టుకోదు.

అపోహ: లోపలి వైరుకి గీత పడితే టేపు చుట్టి, మల్టీమీటర్ పెట్టి చూస్తే సరి.

వాస్తవం: బీప్ వచ్చిందంటే రాగి తెగలేదని మాత్రమే అర్థం. ఇన్సులేషన్ సంగతి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చెప్పాలి. అది కూడా పొడిగా ఉన్న చిన్న గాటును పట్టకపోవచ్చు. అందుకే బోరు జాయింటును బకెట్ నీళ్లలో కాసేపు ముంచి, అప్పుడు మెగ్గర్ పెట్టాలి. గీత పడిన ముక్క కోసేసి మళ్లీ ఒలవండి, పోయేది జానెడు కేబులే.

తొడుగు ఎక్కువ తీస్తే స్టార్టర్ బాక్సులో సులువనేవాళ్లూ ఉన్నారు. తొడుగు బాక్సు లోపలికి వచ్చాకే ఆగాలి. బయట రంగు వైర్లు కనిపిస్తే ఇనుప అంచు వాటినే కోస్తుంది.

ఇనుప తీగల కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్‌కీ పద్ధతి అదే. ఇనుప తీగలను హ్యాక్సాతో సగమే కోసి వంచి విరవాలి, లేకపోతే రంపం లోపలి తొడుగులోకి దిగుతుంది. ఇవన్నీ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) కేబుళ్ల సంగతులు. 11 కేవీ కేబుల్‌లో ఇన్సులేషన్ మీది నల్లని సెమీకండక్టింగ్ పొరను తీసే పద్ధతే వేరు, అది శిక్షణ ఉన్న జాయింటర్ పని.